తోమోనోఉరాకి వెళ్తే ముందు ఆటుపోట్ల టైమ్ చూస్కోండి

జపాన్‌లో ఉండే మనవాళ్ళు హిరోషిమా అనగానే పీస్ పార్కు, మియాజిమా చూసేసి మళ్ళీ రైలెక్కేస్తారు. చేతిలో ఇంకొక్క రోజుంటే మాత్రం ఫుకుయామాలో దిగండి, హిరోషిమా నుంచి షిన్‌కాన్‌సెన్‌లో అరగంట కూడా పట్టదు, ఒసాకా నుంచైతే గంట పైచిలుకు. స్టేషన్ బయట తోమోతెత్సు బస్సెక్కితే అరగంటలో తోమోనోఉరా. ఎడో కాలం (1603–1868) నాటి రేవు, ఊరు మొత్తం కాలినడకనే తిరిగేయొచ్చు.

ఒక్క మాట. బస్ టైమ్ కన్నా ముందు చూస్కోవాల్సింది సముద్రం టైమ్. ఫోన్‌లో టైడ్ టేబుల్ తీసి ఫుకుయామా అని కొడితే వస్తుంది, జపనీస్ పేజీ అయితే 'కాంచో' అంటే ఆటు (నీళ్ళు తగ్గడం), 'మాంచో' అంటే పోటు (నీళ్ళు పెరగడం). రెండింటికీ మధ్య ఇంచుమించు ఆరు గంటలు, కాబట్టి పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా ఉంటే రెండూ చూడొచ్చు. నేను మొదటిసారి ఇదేం చూస్కోకుండా పోటు మీదున్నప్పుడు వెళ్ళి, రెండు ఫోటోలు తీసుకుని, ఇంతేనా అనుకుంటూ వచ్చేశా, అసలు విషయమంతా నీళ్ళ కిందే ఉండిపోయింది.

ఎందుకంటే ఈ ఊరు పుట్టిందే ఆటుపోట్ల వల్ల. సెతో లోపలి సముద్రంలోకి పోటు తూర్పున కీ జలసంధి వైపు నుంచీ, పడమర బుంగో జలసంధి వైపు నుంచీ వస్తుంది, ఆ రెండూ వచ్చి కలిసేది దాదాపు ఇక్కడే. ఆటు మొదలైతే మళ్ళీ ఇక్కణ్ణుంచే చెరోవైపుకి లాగేస్తుంది. తెరచాప పడవల వాళ్ళు పోటుతో పాటు ఇక్కడి దాకా వచ్చి, లంగరేసి, ఆటు మొదలవగానే అవతలి వైపుకి సాగిపోయేవాళ్ళు. అందుకే దీన్ని 'షియోమాచి' రేవు అన్నారు, అంటే నీటి వాటం కోసం కాచుకునే చోటు. ఆవిరి పడవలొచ్చాక కాచుకోవాల్సిన అవసరం పోయింది, ఊరి వ్యాపారమూ తగ్గింది, బహుశా అందుకే పాతవన్నీ ఇలా మిగిలాయేమో.

బస్ దిగి నేరుగా రేవు దగ్గరికే నడవండి. ఒడ్డున 1859లో కట్టిన రాతి దీపస్తంభం కనిపిస్తుంది, పేరు జోయాతో. పైకి కనిపించేది ఐదున్నర మీటర్లే, కింద నీళ్ళలో ఉన్న పునాదితో కలిపితే పది దాటుతుంది. అందరూ దాని ముందు సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతారు, మీరు మాత్రం దాని పక్కనున్న మెట్ల దగ్గర కూర్చుని, నీళ్ళ పైన ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. గాంగి అంటారు వాటిని, మన పుష్కర ఘాట్ మెట్లలాగే నీళ్ళలోకి దిగుతూ పోతాయి, కాకపోతే ఇవి స్నానాలకి కాదు, సరుకు దించడానికి. ఇక్కడ నీటి మట్టం మూడు నాలుగు మీటర్ల దాకా మారుతుంది, అందుకని నీళ్ళు ఎంతలో ఉన్నా ఏదో ఒక మెట్టు పడవ అంచుకి సరిపోవాలన్నమాట. ఆటులో కింది మెట్లు బయటపడతాయి, నాచుతో పచ్చగా, రాళ్ళ సందుల్లో చిన్న చిన్న గుల్లలు అంటుకుని. వాటి మీద కాలు మాత్రం పెట్టకండి, రెండోసారి వెళ్ళినప్పుడు జర్రున జారి ప్యాంటు మొత్తం బురదైంది.

ఆటులోనే చూడాల్సింది ఇంకోటుంది, తాదెబా. పడవని ఒడ్డుకి లాగి, అడుగున మంటపెట్టి చెక్కని తొలిచే పురుగుల్ని, నాచునీ కాల్చేసే చోటు. రాళ్ళు పరిచిన నేలే, చెప్పేవాళ్ళు లేకపోతే పట్టించుకోం కూడా. మెట్లు, దీపం, తాదెబా, అలల్ని ఆపే రాతి గోడ, పడవల మీద నిఘా పెట్టిన గది, ఈ ఐదూ కలిసి మిగిలిన ఎడో రేవు ఇదొక్కటే అని ఊరివాళ్ళ గర్వం. ఈ రేవులో కొంత పూడ్చి వంతెన వేద్దామని 1983లో ప్లాన్ వేస్తే జనం కోర్టుకెక్కారు, 2009లో హిరోషిమా జిల్లా కోర్టు ఆపేసింది. వంతెన అడిగినవాళ్ళదీ తప్పనలేం, ఇక్కడి సందుల్లో ఎదురుగా కారొస్తే గోడకి అతుక్కుని నిలబడాల్సిందే.

తర్వాత ఫుకుజెంజి గుడి. చెప్పులు విప్పి లోపలికెళ్ళి చాపల మీద కూర్చోవాలి, నిలబడి చూస్తే లాభం లేదు. కూర్చుంటే స్తంభాల మధ్య నుంచి బెంతెన్ దీవి, సెన్‌సుయ్ దీవి ఫ్రేమ్ కట్టినట్టు కనిపిస్తాయి. 1711లో వచ్చిన కొరియా రాయబార బృందంలో ఒకాయన జపాన్‌లో ఇంతకన్నా మంచి దృశ్యం లేదనేశాడు, ఆ అక్షరాలు ఇప్పటికీ గోడకున్నాయి.

దగ్గర్లో ఇరోహా మారు మ్యూజియం. 1867లో సకమోతో ర్యోమా (షోగన్ పాలన దించడానికి పనిచేసిన పేరున్న సమురాయ్) బృందం ఎక్కిన ఇరోహా మారు అనే ఓడని కిషూ సంస్థానం వాళ్ళ పెద్ద ఓడ గుద్దింది, ఇది మునిగిపోయింది, నష్టపరిహారం బేరాలు మొదలైంది ఈ ఊళ్ళోనే. ఓడలో తుపాకులున్నాయని ర్యోమా గట్టిగా వాదించాడు, తర్వాత డైవర్లు దిగి వెతికితే ఒక్క తుపాకీ దొరకలేదు. మనిషి మామూలోడు కాదు.

తిండి దగ్గరికొస్తే, ఇక్కడ తై (సీ బ్రీమ్) చేపతో వండిన అన్నం ఫేమస్. శాకాహారులైతే కష్టమే, కూరగాయల కూరలో కూడా దాషి అనే చేప రసం ఉంటుంది, పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో తెచ్చుకోండి, మెట్ల మీద కూర్చుని తింటే ఆ రుచే వేరు, కాకపోతే పైన తిరిగే గద్దల్ని ఓ కంట కనిపెట్టాలి. హోమేయ్‌షు అని పదహారు మూలికలు వేసిన మందు సారా 1659 నుంచి ఇక్కడే చేస్తున్నారు, షాపుల్లో చిన్న కప్పులో రుచి చూపిస్తారు. దాల్చినచెక్క, లవంగం వాసన, తియ్యగా, అచ్చం అమ్మమ్మ కషాయంలో బెల్లం ఎక్కువైనట్టు. వెనకటికి దీని మీద గుత్తాధిపత్యం ఉన్న కుటుంబం ఇల్లే ఓతా భవనం, ఆ నల్లటి గుదాములు చూడండి.

మోకాళ్ళు సహకరిస్తే ఇఓజి గుడి వెనక 583 మెట్లెక్కి కొండ మీది తైషిదెన్ మందిరం దాకా వెళ్ళండి, రేవు మొత్తం గుండ్రంగా కనిపించేది అక్కణ్ణుంచే. ఓపిక లేకపోతే ఐదు నిమిషాల ఫెర్రీలో సెన్‌సుయ్ దీవికి పోవచ్చు, రెండూ పెట్టుకుంటే మాత్రం హడావిడైపోతుంది.

చివరికి మళ్ళీ గాంగి దగ్గరికే రండి. పొద్దున మీరు లెక్కపెట్టిన మెట్లలో ఎన్ని మిగిలాయో చూడండి. చీకటి పడ్డాక జోయాతోలో దీపం వెలుగుతుంది, దాని కోసం ఆగుదామనుకుంటే తిరుగు బస్ టైమ్ బస్టాప్‌లోనే ఫోటో తీసి పెట్టుకోండి, రాత్రిళ్ళు బస్సులు పల్చబడిపోతాయి.