ఒత్తయిన జుట్టులో వదలని పేలు: ఎక్కడ తప్పుతోంది, ఏం చేయాలి

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. నడుము దాటిన జుట్టు, జడ పట్టుకుంటే నా పిడికిట్లో పట్టదు. పోయిన దసరా సెలవుల్లో పాతపట్నం నుంచి మా అక్క పిల్లలు వచ్చారు. నలుగురూ ఒకే చాప మీద తలలు ఆనించుకుని పడుకునేవారు. కార్తీక పున్నమి నాడు తెల్లవారుజామున అరటి దొప్ప పడవలు వదలడానికి వెళ్ళినప్పుడు గమనించాను, ఒక చేత్తో పడవ పట్టుకుని రెండో చేత్తో చెవి వెనక గోక్కుంటూనే ఉంది. అప్పటి నుంచి సంక్రాంతి దాటే దాకా నాకు అదే పని. మూడుసార్లు మందు రాశాను. మూడుసార్లూ పది రోజులు బాగుండి మళ్ళీ మొదలు. చివరికి అదే మందుతో పోయాయి. మారింది మందు కాదు, రోజుల లెక్క, దువ్వే పద్ధతి. మందు పనిచేయలేదు అనుకునే ముందు కింది వాటిలో మీ పిల్లది ఏ సమస్యో చూసుకోండి.

దురద ఉంది, పేను మాత్రం కనపడదు

పొడి జుట్టులో పేను అంత తేలిగ్గా దొరకదు. నువ్వుగింజంత ఉంటుంది, పాయ విడదీసి వెలుగు పడేసరికి పక్కకి పాకేస్తుంది. ఒత్తు జుట్టయితే దానికి అడవే. అందుకని జుట్టు తడిపి, కండిషనర్ గానీ కొబ్బరినూనె గానీ బాగా పట్టించి, పేల దువ్వెనతో కుదుళ్ళ నుంచి కొస దాకా లాగి, ప్రతిసారీ తెల్లగుడ్డ మీద తుడవండి. చెవుల వెనక, మెడ దగ్గర ముందు చూడాలి. ఒక్క బతికున్న పేను గుడ్డ మీద కదిలినా వైద్యం మొదలుపెట్టాల్సిందే.

దురద వచ్చేది పేను కరిచినప్పుడు లోపలికి పోయే దాని ఉమ్ము ఒంటికి పడక. మొదటిసారి పేలు పట్టిన పిల్లలకి ఆ దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. దసరాకి ఎక్కిన పేలు కార్తీక పున్నమికి బయటపడ్డాయంటే కారణం అదే. మీరు గమనించేసరికి అవి తలలో కాపురం పెట్టి నెల అయి ఉంటుంది.

చుండ్రుని చూసి ఈపులు (పేల గుడ్లు) అనుకుని మందు రాసేవాళ్ళూ ఉన్నారు. చుండ్రు వేలితో తోస్తే జారిపోతుంది. ఈపి జారదు. వెంట్రుకకి ఒక పక్కన జిగురుతో అతుక్కుని ఉంటుంది, రెండు గోళ్ళ మధ్య నొక్కిపట్టి లాగితే గానీ ఊడిరాదు.

మందు రాసిన పది రోజులకి, ఇరవై రోజులకి మళ్ళీ పేలు

నన్ను మూడు నెలలు తిప్పింది ఇదే, అందుకని దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

ఈరు పేనైంది, పేను పెరుమాళ్ళయింది అని సామెత. ఈరు, అంటే ఈపి, పేను కావడానికి ఎన్ని రోజులో తెలిస్తే సగం పని అయినట్టే. ఈపి పొదగడానికి ఏడు నుంచి పది రోజులు. బయటికి వచ్చిన పిల్లపేను పెద్దదై తాను ఈపులు పెట్టడానికి ఇంకో తొమ్మిది నుంచి పన్నెండు రోజులు. పెద్ద పేను తల మీద నెల దాకా బతుకుతుంది, రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఈపులు పెడుతుంది.

మన మందుల షాపుల్లో పేలకి ఎక్కువగా ఇచ్చేది పెర్మెత్రిన్ 1 శాతం లోషన్. అది పాకే పేలని చంపుతుంది, ఈపుల్ని చంపదు. అంటే మొదటిరోజు మందు రాశాక తలలో పేలు లేకపోయినా ఈపులు ఉన్నాయి. వారం పది రోజుల్లో అవన్నీ పొదుగుతాయి. ఆ పిల్లపేలు ఇంకా ఈపులు పెట్టే వయసుకి రాకముందే రెండో విడత మందు పడాలి. అందుకే తొమ్మిదో రోజు. మరీ ముందైతే కొన్ని ఈపులు ఇంకా పొదగవు. మరీ ఆలస్యమైతే పిల్లపేలు పెద్దవై కొత్త ఈపులు పెట్టేస్తాయి, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

నేను చేసింది ఏమిటంటే, మళ్ళీ పేను కంటికి కనపడే దాకా ఆగి అప్పుడు రెండోసారి రాయడం. కనపడేంత పెద్దదయిందంటే అప్పటికే ఈపులు పెట్టేసి ఉంటుంది. అలా మూడుసార్లు మొదటి విడతే రాశాను తప్ప రెండో విడత ఎప్పుడూ రాయలేదు. నాలుగోసారి మందు రాసిన రోజునే క్యాలెండర్‌లో తొమ్మిది రోజుల తర్వాత తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. ఆ రోజు తల ఎంత శుభ్రంగా కనిపించినా సరే రాయాలి. మీరు కొన్న మందు మీద వేరే గడువు రాసి ఉంటే దాన్నే పాటించండి.

మందు రాసిన మర్నాడే పేలు చురుగ్గా పాకుతున్నాయి

మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది, నూనె తల మీద మందు రాయడం. జిడ్డు తల మీద రాసిన మందు కుదుళ్ళ దాకా చేరదు. ముందు మామూలు షాంపూతో తల రుద్దండి. కండిషనర్ కలిసిన షాంపూ వద్దు, అది మందుని వెంట్రుకకి అంటనివ్వదు. తువ్వాలుతో తుడిచి, నీళ్ళు కారకుండా చెమ్మగా ఉన్నప్పుడు మందు పట్టించండి. పది నిమిషాలు ఉంచి కడిగేయండి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ చస్తాయనుకోకండి, చర్మం మండడం తప్ప లాభం లేదు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు తలస్నానం వద్దు. పిల్ల కళ్ళ మీద మడత పెట్టిన గుడ్డ అడ్డుపెట్టి, తల ముందుకి వంచి కడిగితే మందు ఒంటి మీదికి కారదు.

ఇంకొకటి, మందు చాలకపోవడం. సీసాలో సగం మా అమ్మాయి పైజుట్టుకే సరిపోయింది, లోపలి పాయలు పొడిగానే ఉండిపోయాయి. పాయ పాయగా విడదీసి మాడు తడిసేలా రాయాలి. నడుము దాకా ఒత్తు జుట్టుంటే రెండు సీసాలు కొనుక్కోవడం మంచిది. షాపులో పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ ఇస్తే తీసుకోకండి, అది గజ్జికి వాడేది.

ఇవన్నీ సరిగ్గా చేసి, పది పన్నెండు గంటల తర్వాత చూస్తే పేలు మగతగా, మెల్లగా కదులుతుంటే మందు పనిచేస్తున్నట్టే. దువ్వి తీసేయండి. మునుపటిలాగే పరుగెడుతుంటే ఆ పేలు ఈ మందుకి లొంగడం లేదని అర్థం. పెర్మెత్రిన్‌కి అలవాటు పడ్డ పేలు చాలాచోట్ల ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ అదే రాయకుండా డాక్టర్‌ని అడగండి. డైమెథికోన్ అనే మందు ఉంది, అది విషం కాదు, పేనుని నిలువెల్లా కప్పేసి చంపుతుంది కాబట్టి దానికి పేలు అలవాటు పడే భయం తక్కువ. ఐవర్‌మెక్టిన్ మాత్రలు డాక్టర్ రాస్తేనే వాడాలి, 15 కిలోల కన్నా తక్కువ బరువున్న పిల్లలకి సాధారణంగా ఇవ్వరు. రెండేళ్ళ లోపు పిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి ఏ పేల మందైనా డాక్టర్‌ని అడగకుండా రాయొద్దు.

దువ్వుతున్నా ఏమీ రావడం లేదు

ఒత్తు జుట్టులో దువ్వెన లోపలికి దిగదు, పైపైనే జారిపోతుంది. ప్లాస్టిక్ పేల దువ్వెన అయితే పళ్ళు విచ్చుకుని పేలు సందుల్లోంచి తప్పించుకుంటాయి. పొడుగు పళ్ళున్న స్టీలు దువ్వెన కొనండి. పళ్ళ మధ్య నుంచి వెంట్రుక తప్ప ఇంకేదీ దూరకూడదు.

నేను ఇలా చేశాను. ఆదివారం పొద్దున్న ఎండ వాకిట్లోకి ఏటవాలుగా పడే వేళ పీట వేసి కూర్చోబెట్టాను. భుజాల మీద తెల్ల తువ్వాలు. తడి జుట్టుకి కండిషనర్ దట్టంగా పట్టించి (మందు రాసే రోజు తప్ప మిగతా రోజుల్లో ఇది మంచిది, పేలు పరుగెత్తలేవు), ముందు వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు మొత్తం తీశాను. తల నాలుగు భాగాలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టాను. నాలుగో భాగంలోంచి దువ్వెన వెడల్పు కన్నా సన్నని పాయ తీసి, పళ్ళు మాడుకి తగిలేలా ఆనించి, కొస దాకా ఒక్క లాగు. గుడ్డ మీద తుడిస్తే తెల్లటి కండిషనర్ మధ్య గోధుమరంగు చుక్క, కాళ్ళు ఆడిస్తోంది. అదే పాయని పైనుంచి, కిందనుంచి, రెండు పక్కల నుంచి నాలుగుసార్లు లాగాలి. ఒక పాయ అయ్యాక దాన్ని ముడిచి పక్కన పెట్టి ఇంకోటి. మొదటిరోజు గంటన్నర పట్టింది, ఇరవై ఏడు పేలు వచ్చాయి. పిల్లని అంతసేపు కూర్చోబెట్టడం కష్టం. మా అమ్మాయి లెక్కపెట్టే పని తను తీసుకుంది, దాంతో కదలకుండా కూర్చుంది.

మందు రాసినా ఈ దువ్వుడు ఆపకూడదు. రెండు మూడు రోజులకోసారి, రెండు మూడు వారాలు. మందు అసలు వద్దనుకునేవాళ్ళు మొదటి రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు ఇదే పద్ధతిలో దువ్వి, పదిహేడో రోజు చూసుకోవాలి. పని జరుగుతుంది, కాకపోతే ఒక్క రోజు కూడా తప్పకూడదు.

సీతాఫలం గింజలు, కిరసనాయిలు

ఇది దయచేసి జాగ్రత్తగా చదవండి. మన వైపు కొండల నిండా సీతాఫలం చెట్లే. గింజలు దంచి నూనెలో కలిపి తలకి పట్టించమని పెద్దవాళ్ళు చెబుతారు. పేలు చచ్చే మాట నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర పుండు పడి విపరీతమైన నొప్పి, ఎర్రదనం, చూపు మసకబారడం జరుగుతుంది. ఇలా కళ్ళు పాడై ఆసుపత్రికి వచ్చేవాళ్ళని మన దేశంలో కంటి డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. తలకి రాసింది చెమటతో, నీళ్ళతో కంట్లోకి కారకుండా చిన్నపిల్లకి ఎవరు ఆపగలరు? ఇప్పటికే పడి ఉంటే వెంటనే ధారగా మంచినీళ్ళు పోసి పావుగంట పైగా కడిగి, అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించండి.

కిరసనాయిలు రాసుకున్న తల పొయ్యి దగ్గరికి వెళితే అంటుకుంటుంది. చీమల పొడి, బొద్దింకల చాక్‌పీసు తలకి రాయడమంటే పురుగుల మందు పిల్ల ఒంటికి పట్టించడమే. ఈ మూడూ వద్దు. వేపనూనె, కర్పూరం వల్ల మొత్తం పేలు పోయిన ఇల్లు నేను చూడలేదు.

ఇంట్లో ఒకరికి పోతే ఇంకొకరికి

పేను ఎగరదు, దూకదు. తలకి తల తగిలితే పాకి వెళుతుంది. కాబట్టి ఒకే మంచం మీద, ఒకే చాప మీద పడుకునే అందరి తలలూ ఒకే రోజు దువ్వి చూడాలి, ఉన్నవాళ్ళందరికీ ఒకే రోజు మందు రాయాలి. మా ఇంట్లో రెండుసార్లు పిల్లకి రాశాను, పక్కన పడుకునే మా అత్తగారి తల చూడలేదు. ఆవిడకి దురద లేదు, పేలు మాత్రం ఉన్నాయి. హాస్టల్లో ఉండే పిల్లలు సెలవులకి ఇంటికి వస్తే వచ్చిన రోజే చూడండి. తిరిగి పంపే ముందు వార్డెన్‌కి చెబితే గదిలో మిగతా పిల్లల తలలు కూడా ఒకేసారి చూపించే వీలుంటుంది.

ఇల్లు కడగనక్కర్లేదు. తల వదిలిన పేను ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. మందు రాసే ముందు రెండు రోజుల్లో వాడిన తలగడ గలీబులు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. దువ్వెనలు వేడినీళ్ళలో పది నిమిషాలు. గదిలో స్ప్రేలు కొట్టొద్దు.

పేలు పోయాయి, ఈపులు, దురద మిగిలాయి

మాడుకి అరసెంటీమీటరు లోపల, గోధుమరంగులో ఉన్న ఈపులు అనుమానించాల్సినవి. సెంటీమీటరు దాటి తెల్లగా ఉన్నవి దాదాపు ఖాళీ పెంకులే. వెంట్రుక నెలకి సెంటీమీటరు పెరుగుతుంది, వాటితో పాటే అవీ పైకి జరుగుతాయి. పెంకులు చూసి మళ్ళీ మందు రాయకండి. దురద కూడా వెంటనే పోదు, రెండు వారాలు ఉండొచ్చు.

గోకిన చోట చీము, తేనెరంగు పొక్కులు, మెడ వెనక బిళ్ళలు, జ్వరం కనిపిస్తే మాత్రం పేల మందు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గోకుడుతో పుండులోకి చీము చేరింది, దానికి వేరే మందు కావాలి.

గుండు చేయించేద్దామా

పనైతే అవుతుంది. సింహాచలం మొక్కు ఉండి పిల్ల ఇష్టపడితే సరే. పేలకి శిక్షగా మాత్రం వద్దు. బడిలో తోటి పిల్లలు 'ఉకుణి' (ఒడియాలో పేను) అని వెక్కిరించారని మా అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పేలు మురికి వల్ల రావు, రోజూ తలస్నానం చేసే పిల్లకీ వస్తాయి. ఆ మాట నేను తనకి ముందే చెప్పి ఉండాల్సింది. టీచర్‌కి చెప్పాం, ఆవిడ తరగతి అందరి ఇళ్ళకీ కబురు పంపారు. జుట్టు కత్తిరించలేదు. బిగించి రెండు జడలు వేసి మడిచి రిబ్బను కడుతున్నాను, అంతే.

తొమ్మిదో రోజు రెండో విడతకి ముందు దువ్వితే నాలుగు పిల్లపేలు వచ్చాయి. పదమూడో రోజు ఏమీ రాలేదు, పదిహేడో రోజూ రాలేదు. ఆ తర్వాత నెలపాటు ప్రతి ఆదివారం దువ్వాను. వేసవి సెలవులకి అక్క పిల్లలు మళ్ళీ వస్తున్నారు. వచ్చిన రోజు సాయంత్రమే నలుగురికీ దువ్వెన పడుతుందని అక్కకి ఫోన్‌లో చెప్పాను, ఇంకో చాప కూడా కొన్నాను.