ఒక్క కీ నొక్కితే రెండు శబ్దాలు

నా మ్యూజిక్ కీబోర్డును యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ పెట్టి, దాని మిడి (వాద్యాలూ కంప్యూటర్లూ సందేశాలు పంపుకునే పద్ధతి) అవుట్‌పుట్ మళ్లీ అదే కీబోర్డుకి ఇచ్చాను. ఇక ఏ కీ నొక్కినా శబ్దం డొల్లగా, డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంది. తీగవాద్యాల టోన్‌లో నాలుగు వేళ్లు పెడితే చాలు, పాత స్వరాలు మధ్యలోనే తెగిపోతున్నాయి. కేబుల్ మార్చినా అంతే.

మిడిలో శబ్దం ప్రయాణించదు. మధ్య సి స్వరం కీ నొక్కితే 60 అనే నంబరు, ఎంత బలంగా నొక్కామో చెప్పే 1 నుంచి 127 లోపు అంకె, 16 ఛానెళ్లలో ఏదో ఒకటి, అంతే వెళ్తాయి. నా కీబోర్డు ఆ స్వరాన్ని నేరుగా ఓసారి, ల్యాప్‌టాప్ తిప్పి పంపాక ఇంకోసారి వాయిస్తోంది. పాలిఫొనీ, అంటే ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య, సగానికి పడిపోక ఏమవుతుంది!

కీబోర్డు మిడి మెనూలో ‘లోకల్ కంట్రోల్’ ఆఫ్ చేశాను. కీలకీ లోపలి టోన్లకీ లింకు తెగి, శబ్దం శుభ్రమైంది. మెనూలో ఆ ఆప్షన్ లేకపోతే ల్యాప్‌టాప్ నుంచి కీబోర్డుకి మిడి కంట్రోలర్ 122 అనే సందేశాన్ని 0 విలువతో పంపి చూడండి.

ల్యాప్‌టాప్ లేకుండా వాయించాలంటే మాత్రం లోకల్ కంట్రోల్‌ని మళ్లీ ఆన్ చేయాలి. లేదంటే కీబోర్డు మూగబోయిందని రిపేరు షాపుకి మోసుకెళ్తారు.