అమెరికాలో మన సంగతి అర్థం చేసుకునే థెరపిస్టును వెతుక్కోవడం ఎలా

థెరపిస్టు ఇంటిపేరు తెలుగుదైతే చాలు, మన బాధ సగం చెప్పకుండానే అర్థమైపోతుందని చాలామంది నమ్ముతారు. కానీ అమెరికాలోనే పుట్టి పెరిగిన తెలుగు థెరపిస్టుకు హెచ్‌1బీ వీసా మీద చేసే ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి మిగిలే 60 రోజుల కంగారు ఏమిటో తెలియకపోవచ్చు. మన జిల్లా నుంచే వచ్చినావిడ "కాస్త సర్దుకుపోవాలమ్మా" అని పెద్దమ్మలా మాట్లాడొచ్చు. మన భాష ఒక్క ముక్క రాని ఆఫ్రికన్ అమెరికన్ థెరపిస్టు ఓపిగ్గా అడిగి, విని, మనసుకు పట్టేలా సాయం చేయొచ్చు. ఎదుటివాళ్లు ఎలా అడుగుతున్నారో గమనించండి. చాలా వరకు మొదటి ఫోన్‌లోనే తేలిపోతుంది.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఈ వెతుకులాట పక్కనపెట్టి వెంటనే అమెరికా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉంటే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అని అడగండి. మెసేజ్‌లైతే ఇంగ్లిష్, స్పానిష్‌లలోనే నడుస్తాయి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వండి, అక్కడ తెలుగులో మాట్లాడతారు.

వెతకడం, డబ్బు, గోప్యత

ముందు ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి: బిహేవియరల్ హెల్త్‌కు (మానసిక వైద్యానికి) కోపే, అంటే ప్రతిసారీ మనం కట్టాల్సింది ఎంత, ఇన్సూరెన్స్ మొదలయ్యేలోపు మన జేబునుంచి పెట్టాల్సిన డిడక్టిబుల్ ముందు కట్టాలా, కంపెనీతో ఒప్పందం లేని (నెట్‌వర్క్ బయటి) థెరపిస్టుకు ఎంత తిరిగిస్తారు. ఆఫీసులో ఈఏపీ (ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే కౌన్సెలింగ్ సాయం) ఉంటే కొన్ని సెషన్లు ఉచితంగా దొరుకుతాయి. పేర్ల కోసం సైకాలజీ టుడే డైరెక్టరీలో భాషను బట్టి వడపోయండి. సౌత్ ఏషియన్ థెరపిస్ట్స్ డైరెక్టరీ కూడా ఉంది, న్యూజెర్సీ వాళ్లకు దక్షిణాసియా వాళ్ల మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే సామ్‌హిన్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. ఒక్కరికే రాసి ఎదురుచూడొద్దు. చాలామందికి ఖాళీ ఉండదు, ఐదారుగురికి ఒకేసారి రాయండి.

లైసెన్సు మీరుంటున్న రాష్ట్రానికి చెల్లాలి. డాలస్‌లో ఉన్నవాళ్లు కాలిఫోర్నియా థెరపిస్టును వీడియోలో చూడాలంటే ఆవిడకు టెక్సాస్‌లో ప్రాక్టీసు చేసే అనుమతి ఉండాలి. నెల రోజులు హైదరాబాద్ వెళ్తున్నా ఇదే చిక్కు వస్తుంది, టికెట్లు కొన్నప్పుడే అడిగి ఏర్పాటు చేసుకోండి. లైఫ్ కోచ్‌కు ఏ లైసెన్సూ అక్కర్లేదు కనుక థెరపిస్టనుకుని డబ్బు కట్టకండి.

మనవాళ్ల ఇళ్లలో తరచూ బెడిసికొట్టేది ఈఓబీ, అంటే ఏ వైద్యానికి ఎంత చెల్లించారో ఇన్సూరెన్స్ కంపెనీ పంపే వివరాల కాగితం. హెచ్‌4 (భర్త వీసా మీద ఆధారపడ్డ వీసా)లో ఉన్న భార్య వైద్యానికి వెళ్తే, పాలసీ భర్త పేరున ఉంటే ఆ కాగితం భర్త పేరునే ఇంటికొస్తుంది. 26 ఏళ్లలోపు పిల్లలు అమ్మానాన్నల ప్లాన్‌లో ఉన్నా అంతే. ఎక్కడికి, ఏ తేదీన వెళ్లారో అందులో ఉంటుంది. ఇంట్లో తెలిస్తే ప్రమాదమనుకుంటే మొదటి అపాయింట్‌మెంటుకు ముందే ఇన్సూరెన్స్ కంపెనీని కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్ ఫారం అడగండి. ప్రమాదం ఉందని అందులో స్పష్టంగా రాసి, వేరే చిరునామాకు పంపమనండి. ఇన్సూరెన్స్ వాడకుండా సొంత డబ్బు కడితే ఈఓబీ రాదు. 2022 జనవరి నుంచి అలా కట్టేవాళ్లకు అంచనా ఖర్చు ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

కౌన్సెలింగ్‌కు వెళ్తే గ్రీన్‌కార్డు ఆగిపోతుందన్న భయం చాలామందిని ఇంట్లోనే కూర్చోబెడుతోంది. వలస వైద్య పరీక్షలో చూసేది జబ్బుతోపాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. నిద్ర పట్టక, దిగులుతో థెరపీకి వెళ్లినంత మాత్రాన అర్జీ తిరస్కరించరు. అలాంటి హాని ఎప్పుడైనా జరిగి ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

పదిహేను నిమిషాల ఫోన్

చాలామంది థెరపిస్టులు మొదట కాసేపు ఉచితంగా మాట్లాడతారు. ఆ కాస్త సమయంలో ఇవి అడగండి.

"నెలనెలా ఇంటికి డబ్బు పంపుతాను, అత్తమామలు ఆర్నెల్లు మాతోనే ఉంటారు. దీన్ని మీరెలా చూస్తారు?" ఆ క్షణమే "బౌండరీలు పెట్టుకోండి" అంటే జాగ్రత్తపడండి. ఎంత పంపాలో ఎవరు నిర్ణయిస్తారు, ఒక నెల పంపలేకపోతే ఇంట్లో ఏమవుతుంది అని తిరిగి అడిగారంటే ఆ మనిషి పనికొస్తారు.

"కులం వల్ల పడ్డ బాధ గురించి ఇక్కడ మాట్లాడొచ్చా?" ఇది తప్పక అడగాల్సిన ప్రశ్న. ఇంటిపేరు వినగానే కులం పోల్చుకునే థెరపిస్టు ముందు దళిత కుటుంబాల వాళ్లు నోరు విప్పలేకపోవడం సహజం. "కులం ఇప్పుడెక్కడుందండీ" అన్న జవాబొస్తే ఫోన్ పెట్టేయండి.

"మనం గుడిలోనో తానా సభల్లోనో ఎదురుపడితే?" మీరు పలకరిస్తే తప్ప నేను పలకరించను అనాలి. ముందే చుట్టరికమో స్నేహమో ఉంటే తనే వేరొకరి పేరు చెప్పాలి.

మొదటి రెండు మూడు సెషన్లు

చాలాచోట్ల డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు. గడిచిన రెండు వారాల సంగతి అది, మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే కనీసం మధ్యస్థాయి డిప్రెషన్‌గా లెక్క. మనవాళ్లు నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలకు నిజం రాసి, ఆసక్తి, దిగులు గురించిన మొదటి రెండింటికి పరువు కోసం సున్నా పెడతారు. కొన్ని క్లినిక్‌లు ఆ రెండే అడిగి, మార్కులు తక్కువైతే అక్కడితో ఆపేస్తాయి. అసలు జబ్బు అలా తప్పిపోతుంది. గుండె బరువు, తల దిమ్ము, కడుపులో తిప్పడం ఎప్పుడు మొదలయ్యాయో, ఆ రోజుల్లో ఇంట్లోనో ఆఫీసులోనో ఏం జరిగిందో పక్కనే రాసుకెళ్లండి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో మానసిక జబ్బులను నిర్ధారించే తన పుస్తకం డీఎస్‌ఎం-5తోపాటు తెచ్చిన కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్‌వ్యూలో 16 ప్రశ్నలున్నాయి. మీ బాధను మీ ఇంట్లో ఏమంటారు, దేనివల్ల వచ్చిందనుకుంటున్నారు, ఇంతవరకు ఎవరిని ఆశ్రయించారు లాంటివి. అది కావాలని పేరుపెట్టి అడగొచ్చు. పూజలు, జాతకం, ఊళ్లో కట్టించుకున్న తాయెత్తు అన్నీ అప్పుడే చెప్పండి. అశ్వగంధ వాడుతుంటే మందులు రాసే డాక్టరుకు తప్పక చెప్పాలి, నిద్రమాత్రలతో, థైరాయిడ్ మందులతో కలిస్తే తేడా చేస్తుంది.

అమ్మకో అత్తయ్యకో చూపిస్తుంటే పిల్లలను ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చోబెట్టకండి. మనవడి ముందు ఏ పెద్దావిడా కోడలి సంగతి, చావు ఆలోచనల సంగతి చెప్పదు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు అర్హతున్న ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా పెట్టాలి. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే "తెలుగు" అని రాయించండి. లేకపోతే ఇండియా అనగానే హిందీ మనిషిని పెట్టేస్తారు.

ఎక్కువమంది మధ్యలో మానేసేది మొహమాటం వల్లే. మామగారితో సూటిగా మాట్లాడమని థెరపిస్టు చెబితే సరేనని తలూపుతారు, ఇంటికెళ్లి చేయలేరు, మరుసటి వారం మొహం చెల్లక వెళ్లరు. "మా ఇంట్లో ఇది కుదరదు, చేస్తే ఇదీ జరిగేది" అని అక్కడే చెప్పండి. పని తెలిసిన థెరపిస్టు దాన్ని చిన్న మెట్లుగా విడగొడతారు, ముందు భర్తతోనో ఆడపడుచుతోనో మొదలుపెట్టిస్తారు. చెప్పినా వినకుండా నాలుగు సెషన్లలో అదే సలహా మళ్లీ మళ్లీ ఇస్తుంటే మారండి. వెళ్లేముందు ఇప్పటిదాకా చేసిన చికిత్స గురించి ఒక పేజీ సారాంశం రాసిమ్మని అడగండి. కొత్తవాళ్ల దగ్గర కథంతా మొదటినుంచి తోడుకోవాల్సిన పని తగ్గుతుంది.