రెండు పాస్‌వర్డ్‌లతో ఆధారాలు దాచుకోవడం

గుంటూరు బ్రాడీపేటలో నాది కంప్యూటర్ రిపేరు షాపు. దెబ్బల ఫొటోలు, బెదిరింపు రికార్డింగులు ఎక్కడ దాచుకోవాలని అడుగుతూ ఆడవాళ్లు వస్తుంటారు. ఫోల్డర్‌కి లాక్ పెడితే సరిపోదమ్మా అంటాను. లాక్ కనపడగానే ‘తెరువు’ అని మీదికొచ్చే మనిషి ఉన్న ఇళ్లవి. అందుకే ఫైళ్లకి తాళం వేసే వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌లో హిడెన్ వాల్యూమ్, అంటే తాళం పెట్టె లోపల కనపడని ఇంకో పెట్టె, చేయడం నేర్పిస్తాను. ఉచితమే.

ఒక పాస్‌వర్డ్ కొడితే పైకి చూపించే ఫైళ్లు తెరుచుకుంటాయి, రెండోది కొడితే అసలువి. పై వాల్యూమ్‌లో ఖాళీ జాగా ముందే అర్థంలేని డేటాతో నిండి ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ అయిన (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మారిన) అసలు ఫైళ్లూ చూడటానికి అలాగే ఉంటాయి కాబట్టి ఏది ఏదో విడదీయలేరు.

పెన్‌డ్రైవ్, ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్క్) వద్దు. మార్చినప్పుడు పాత డేటా లోపల మిగిలిపోయి గుట్టు బయటపెట్టొచ్చు. తిరిగే హార్డ్‌డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి, వెరాక్రిప్ట్‌లో క్రియేట్ వాల్యూమ్, కంటైనర్ ఫైల్ (పెట్టె అంతా ఒకే ఫైలుగా ఉండేది), హిడెన్ వాల్యూమ్, నార్మల్ మోడ్ వరసగా ఎంచుకోండి. రెండు పాస్‌వర్డ్‌లకీ పోలిక ఉండకూడదు.

అసలు కష్టం పై వాల్యూమ్‌తోనే. నాలుగు సినిమా పాటలు పడేస్తే ఎవరూ నమ్మరు. నిజంగా తాళం వేయదగినవే పెట్టండి: బ్యాంకు స్టేట్‌మెంట్లు, పొలం పాస్‌బుక్ స్కాన్లు, బంగారం తాకట్టు రసీదులు. తేదీలు కూడా చూస్తారు, అప్పుడప్పుడు కొత్తవి చేర్చండి. చేర్చేటప్పుడు మౌంట్ (వాల్యూమ్ తెరిచే) ఆప్షన్స్‌లో హిడెన్ వాల్యూమ్‌ని కాపాడే గడి టిక్ చేసి రెండో పాస్‌వర్డ్ ఇవ్వాలి. లేకపోతే కొత్త ఫైళ్లు అసలువాటి మీద పడి అవి పాడైపోవచ్చు. ఈ పని ఒంటరిగా ఉన్నప్పుడే చేయండి. ఎదురుగా మనిషి ఉంటే మొదటి పాస్‌వర్డ్ మాత్రమే.

ఇంట్లో కంప్యూటర్‌లో అసలువి తెరవకండి, విండోస్ రీసెంట్ జాబితాలో పేర్లు మిగులుతాయి. ఫోన్‌లో ఒరిజినల్ తుడిచేముందు లాయర్‌ని అడగండి. కోర్టులో ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి.

ఇది ఇంట్లో మనిషి నుంచి కాపాడుకోవడానికే. 2000 నాటి ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద డేటా తెరవమని అధికారికంగా ఆదేశిస్తే, సహకరించకపోవడం ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. ఇంకో సంగతి, ఇంట్లో మనిషికి వెరాక్రిప్ట్ తెలిసుంటే రెండో పాస్‌వర్డ్ కూడా ఉందని పట్టుబట్టొచ్చు. లేదని మీరు రుజువు చేయలేరు. అలాంటి మనిషైతే ఈ డిస్క్ ఇంట్లోనే ఉంచొద్దు.

కంటైనర్ ఫైలుని యథాతథంగా కాపీ చేయకండి. మధ్యలో ఏదైనా మార్చితే, రెండూ పోల్చినప్పుడు ‘ఖాళీ’ జాగాలో తేడా తెలిసిపోతుంది. వేరే వాల్యూమ్ కొత్తగా చేసి, ఫైళ్లు అందులోకి ఎక్కించి పుట్టింట్లోనో లాయర్ దగ్గరో ఉంచండి. ప్రాణభయం ఉంటే మాత్రం ఇదంతా పక్కనపెట్టి ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.