టమ్మీ టక్ తర్వాత బొడ్డు చుట్టూ పడిన మచ్చను ఎలా చూసుకోవాలి?

టమ్మీ టక్ అంటే పొట్ట మీద వదులైన చర్మం, కొవ్వు తీసేసి బిగించే ఆపరేషన్. అది అయిన పదో రోజున మా అక్క బొడ్డు మీద కట్టు మార్చింది నేనే. చుట్టూ నల్ల దారం కుట్లు, ఎండి అంటుకుపోయిన పెచ్చులు, లోపల కాస్త తడి. అద్దంలో చూసుకుని "ఇది అసలు నా బొడ్డేనా, కొత్తది పెట్టారా?" అని ఏడ్చేసింది. పొట్ట కింద పడే పొడుగు గీత గురించి ఆపరేషన్‌కు ముందే అందరూ చెబుతారు, బొడ్డు మచ్చ దగ్గరికి వచ్చేసరికి మాట దాటేస్తారు, అడగడానికి మనకూ మొహమాటమే. ఆ తర్వాతి ఏడాదిన్నరలో తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీ సర్జన్ వేరేలా చెబితే మాత్రం ఆయన మాటే వినండి, మీ పొట్టను చూసింది ఆయన.

ముందు మచ్చ ఎందుకు పడిందో తెలుసుకోండి

ఆ బొడ్డు మీ సొంతదే, కొత్తది కాదు. ఫుల్ టమ్మీ టక్‌లో బొడ్డు చుట్టూ గుండ్రంగా కోసి, దాన్ని తొడిమతో (రక్తం తెచ్చే కాడలాంటి భాగంతో) సహా లోపలి పొట్ట గోడకే ఉంచేస్తారు. పై చర్మాన్ని దాదాపు పక్కటెముకల దాకా లేపి, కిందికి లాగి, మిగిలిన ముక్కను కత్తిరించేస్తారు. అలా లాగిన చర్మం బొడ్డును కప్పేస్తుంది కదా, అందుకని సరిగ్గా దాని పైన, దర్జీ చొక్కాకు కాజా కోసినట్టు, కొత్త రంధ్రం కోసి బొడ్డును అందులోంచి బయటికి తెచ్చి చుట్టూ కుట్టేస్తారు. మీకు కనిపించే మచ్చ ఆ కాజా కుట్టే. కొందరికి పాత రంధ్రం ఉన్న చోటు కత్తిరింపులో పోదు, దాన్ని మూసినప్పుడు కింద ఒక చిన్న నిలువు గీత కూడా మిగులుతుంది. బొడ్డు కింది భాగాన్ని మాత్రమే సరిచేసే మినీ టమ్మీ టక్‌లో చాలావరకు బొడ్డు చుట్టూ కోత ఉండదు.

ఇక్కడ గాయం మానడం కొంచెం కష్టం. చర్మం లాగి కట్టినట్టు బిగువుగా ఉంటుంది, గుంటలో తడి నిలుస్తుంది, బొడ్డుకు రక్తం ఆ ఒక్క తొడిమలోంచే రావాలి. సిగరెట్‌లోని నికోటిన్ ఆ సన్నని రక్తనాళాలనే ముడుచుకుపోయేలా చేస్తుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కనీసం నాలుగు వారాలు మానేయమంటారు. షుగర్ ఉన్నవాళ్ళు దాన్ని అదుపులో పెట్టుకోకపోతే పుండు ఆలస్యంగా మానుతుంది.

మొదటి మూడు వారాలు

ఈ రోజుల్లో అది మచ్చ కాదు, పచ్చి పుండు. మచ్చ పోయే క్రీముల ఆలోచనే వద్దు. చేయాల్సింది రెండే: శుభ్రంగా ఉంచడం, పొడిగా ఉంచడం. డాక్టరు స్నానం చేయవచ్చు అన్నాక మామూలు సబ్బు నీళ్ళు పై నుంచి జారనిచ్చి, మెత్తని గుడ్డతో అద్ది, శుభ్రమైన ఇయర్ బడ్‌తో గుంట అంచుల్లో తడిని పీల్చేయాలి. రుద్దకూడదు. అక్కది ఏప్రిల్ నెల ఆపరేషన్, పొట్టకు కట్టే బెల్ట్ కింద చెమట ఆగేది కాదు, రోజుకు రెండుసార్లు బెల్ట్ విప్పి ఆరబెట్టి గాజ్ అనే పల్చని కట్టు గుడ్డ మార్చేవాళ్ళం.

బొడ్డులో నూనె వేస్తే మంచిదని ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు. మానని గాయంలో నూనె గానీ పసుపు గానీ బూడిద గానీ వేయనివ్వకండి, ఇన్ఫెక్షన్‌ను చేతులారా తెచ్చుకున్నట్టవుతుంది. పెచ్చులను గోకి తీయకండి, వాటంతటవే రాలాలి.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపు చూద్దాంలే అనుకోకుండా అదే రోజు సర్జన్‌కు ఫోన్ చేయండి: చీము, చెడు వాసన, చుట్టూ పాకుతున్న ఎరుపు, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్లు విడిపోవడం, బొడ్డు చర్మం నీలంగా లేదా నల్లగా మారడం. నలుపు అంటే రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. పిక్కలో నొప్పి, వాపు ఉన్నా అదే రోజు చూపించాలి. ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి మాత్రం ఫోన్లతో సరిపెట్టే విషయం కాదు, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గాయం పూర్తిగా మూసుకున్నాక

ఎక్కడా తడి, పెచ్చు లేకుండా మూసుకున్నాక, సాధారణంగా రెండు మూడు వారాలు దాటాక, మచ్చ మీద వాడే సిలికాన్ షీట్ గానీ జెల్ గానీ మొదలుపెట్టవచ్చు. మచ్చల విషయంలో డాక్టర్లు ముందుగా చెప్పేది ఇదే. పొట్ట కింద గీతకు షీట్ బాగుంటుంది, రోజుకు 12 గంటలకు తగ్గకుండా ఉంచుకోవాలి. బొడ్డు గుంటలో షీట్ నిలవదు, అక్కడ జెల్. బియ్యపు గింజంత తీసుకుని, రోజుకు రెండుసార్లు, కుట్టు గీత వెంట పల్చగా రాసి ఆరనివ్వాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ పనిచేయదు, జిడ్డుగా ఉండి బట్టలకు అంటుకుంటుంది. కనీసం రెండు మూడు నెలలు ఆపకుండా రాయాలి, చాలామంది మూడో వారానికే విసిగి మానేస్తారు.

మర్దన నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, డాక్టరు సరేనంటేనే. వేలి కొసతో మచ్చ మీద నొక్కి చిన్న చిన్న గుండ్రాలుగా, ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఈ దశలో కొబ్బరి నూనె వాడుకోవచ్చు, జారడానికి పనికొస్తుంది, అంతకుమించి మహిమ ఏమీ లేదు. విటమిన్ ఈ క్యాప్సూల్ పగలగొట్టి రాయమని చెబుతుంటారు, దాని వల్ల మచ్చ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు, పైగా కొందరికి దద్దుర్లు వస్తాయి.

చీర కట్టేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. లంగా బొందు ముడి మచ్చ మీదే పడి రోజంతా రాసుకుంటుంటే అక్కడ నల్లబడుతుంది, మందమవుతుంది కూడా. కొన్ని నెలలు బొందుకు బదులు వెడల్పాటి ఎలాస్టిక్ ఉన్న లంగా వేసుకోండి. నడుము కనిపించేలా కడితే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ మచ్చకూ రాయాలి, మన చాయ చర్మం ఎండ తగిలితే మచ్చ దగ్గర ఇంకా ముదురు రంగు తిరుగుతుంది.

మూడో నెలలో టెన్షన్ పడకండి

మచ్చ మొదట బాగుపడుతున్నట్టుండి, మూడు నుంచి ఆరు నెలల మధ్య ఎర్రగా, గట్టిగా, దురదగా మారడం మామూలే. లోపల కొల్లాజెన్ (చర్మానికి గట్టిదనం ఇచ్చే ప్రోటీన్) ఎక్కువగా తయారయ్యే కాలం అది. మెత్తబడి రంగు దిగడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుగులో ఫోటో తీసుకోండి. అక్క ఫోటోల్లో అన్నిటికంటే ఘోరంగా ఉన్నది నాలుగో నెలది.

అయితే కొన్నిటికి ఎదురుచూడకూడదు. మచ్చ ఉబ్బినా కోత గీత దాటకుండా ఉంటే దాన్ని హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు, కాలంతో కొంత తగ్గుతుంది. గీత దాటి పక్క చర్మం మీదికి పెరుగుతూ పోతే కీలాయిడ్, అది దానంతటది తగ్గదు. మన చర్మంలో కీలాయిడ్లు ఎక్కువ, ఇంట్లో ఎవరికైనా చెవి కుట్టిన చోట బుడిపె వచ్చిందంటే ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. రెండిటికీ ట్రైయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్‌ను మచ్చలోకే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఇంజెక్షన్ ఇస్తారు. దాని వల్ల చర్మం పల్చబడవచ్చు, చుట్టూ తెల్లబడవచ్చు, గర్భం ఉన్నా పాలిస్తున్నా ముందే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌తో ఆ పని సొంతంగా చేయకండి. ఎరుపు తగ్గడానికి లేజర్ ఉంది, కానీ చామనఛాయ చర్మం మీద అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరే చేయించుకోవాలి, లేకపోతే నల్ల మచ్చలు మిగులుతాయి.

ఇంకొకటి, గుండ్రటి మచ్చ ముడుచుకుంటూ పోయి బొడ్డు నోరు సన్నబడటం. ఇయర్ బడ్ ముందు వారం తేలిగ్గా వెళ్ళి ఈ వారం పట్టేస్తోందంటే గమనించండి. తొందరగా చూపిస్తే మెత్తని సిలికాన్ బిళ్ళలాంటిది కొన్ని వారాలు పెట్టి నోరు తెరిచి ఉంచుతారు, ఆలస్యమైతే ఆపరేషనే దారి. ఇంట్లో గోలీలు, బొత్తాలు మీరే పెట్టి చూడకండి.

ఏడాది దాటినా ఆకారం నచ్చకపోతే మచ్చను సరిచేసే చిన్న ఆపరేషన్ ఉంటుంది, చాలావరకు అక్కడికే మత్తిచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. కానీ అదీ కోతే, కుట్లూ పడతాయి. ఆ మర్నాటి నుంచి మళ్ళీ పొడిగా ఉంచడం, మూసుకున్నాక జెల్, ఆ తర్వాత మర్దన, అన్నీ మొదటి నుంచి.