మిర్చి సీజన్‌లో జేబు పిస్తోలు: కొనాలనుకునేవాళ్లు ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

సంక్రాంతి దాటిందంటే గుంటూరు మిర్చి యార్డులో మిరప టిక్కీలు (బస్తాలు) లోడ్లకు లోడ్లు దిగుతాయి. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేదాకా అదే జోరు. కమీషన్ కొట్ల గుమాస్తాలు బ్యాంకుకూ కొట్టుకూ మధ్య డబ్బు సంచి పట్టుకుని తిరిగే రోజులు కూడా ఇవే. పెళ్లిళ్ల సీజన్ వస్తే విజయవాడ వన్‌టౌన్‌లో బంగారం వ్యాపారులకూ ఇదే టెన్షన్. అందుకే ఈ నెలల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది: "పెద్దది వద్దండీ, జేబులో పట్టే చిన్న పిస్తోలు ఒకటి ఉంటే చాలదా?"

అడిగేవాళ్లను తీసిపారేయడానికి లేదు. మన ఎండల్లో పల్చటి కాటన్ చొక్కా వేసుకుని, కిలో బరువున్న ఇనుము నడుముకు కట్టుకుని రోజంతా తిరగడం ఎవరి వల్లా కాదు. రెండు వారాలు మోస్తారు, మూడో వారం అది బీరువాలోకి పోతుంది. బీరువాలో ఉన్న తుపాకీ గుంటూరు నల్లపాడు రోడ్డులో పనికిరాదు కదా. చిన్నదైతే వెంట ఉంటుంది. జేబు పిస్తోలుకు ఉన్న గొప్పతనం మొత్తం అంతే. ఆ గొప్పతనం చిన్నదేమీ కాదు కాబట్టే అమెరికన్ తుపాకుల రూపకర్త బ్రౌనింగ్ 1899లో .32 తూటాతో, 1905లో .25 తూటాతో (ఈ అంకెలు తూటా వెడల్పు, అంగుళాల్లో) మొదలుపెట్టిన ఈ బాపతు పిస్తోళ్లు నూరేళ్లు దాటినా బతికే ఉన్నాయి.

మన దేశంలో ఇంకో కారణం కూడా ఉంది. 9 ఎం.ఎం., .38 లాంటివి నిషేధిత బోరు (గొట్టం లోపలి వెడల్పు) కింద వస్తాయి, మామూలు లైసెన్సు మీద దొరకవు. జనానికి ముఖ్యంగా మిగిలేవి .32, .25, .22. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్య నుంచి సామాన్యులకు ఆగిపోయింది. అందుకే తాతల నాటి ఇంగ్లండ్ వెబ్లీ .25 ఒకటి ఎవరి ఇంట్లోనైనా ఉంటే దాని ధర వినేవాళ్లు నోరెళ్లబెడతారు. ప్రభుత్వ ఫ్యాక్టరీల నుంచి .32 అశని పిస్తోలు, .32 రివాల్వర్లు (తిరిగే గుండ్రటి అరల్లో తూటాలుండేవి) వస్తాయి. 2014లో ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పట్టేలా కాన్పూర్ ఫ్యాక్టరీ తెచ్చిన 'నిర్భీక్' రివాల్వర్ అర కిలో బరువు, అప్పట్లో ధర లక్షా ఇరవై వేల పైనే. ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ల .22 'నిడర్' రివాల్వర్ అయితే పావుకిలో.

ఇక అసలు సంగతి. 1981 మార్చి 30న వాషింగ్టన్‌లో ఒక హోటల్ బయట అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద హింక్లీ కాల్పులు జరిపాడు. వాడి చేతిలో ఉన్నది .22 రివాల్వర్, మనం మాట్లాడుకుంటున్న జాతిదే. రెండు సెకన్లలోపే ఆరు తూటాలు పేల్చాడు. ఒకటి కారుకు తగిలి మళ్లి, రీగన్ ఎడమ చంక కింద నుంచి లోపలికి దూరింది. తనకు తూటా తగిలిందన్న సంగతే ఆయనకు తెలియలేదు. భద్రతా సిబ్బంది కారులోకి తోసినప్పుడు పక్కటెముక విరిగిందేమో అనుకున్నారు. ఆసుపత్రి దగ్గర కారు దిగి, తన కాళ్ల మీద తాను లోపలికి నడిచి, అప్పుడు కూలబడ్డారు. తూటా గుండెకు అంగుళం దూరంలో ఆగింది. కాస్త ఆలస్యమైతే ప్రాణం పోయేది. అదే కాల్పుల్లో తలకు దెబ్బ తగిలిన ప్రెస్ సెక్రటరీ బ్రాడీ జీవితాంతం వీల్‌చైర్‌లోనే గడిపారు.

చిన్న తూటాతో వచ్చే చిక్కు ఇదే. చంపడానికి అది సరిపోతుంది. మీద పడుతున్న మనిషిని అక్కడికక్కడ ఆపడానికి మాత్రం సరిపోకపోవచ్చు. లెక్కల్లో చూస్తే .25 తూటా శక్తి సుమారు 90 జౌల్స్, .32 పిస్తోలు తూటాది 170 చిల్లర, పోలీసులు వాడే 9 ఎం.ఎం.ది 450 పైన. బుల్లెట్ తగలగానే మనిషి ఎగిరి వెనక్కి పడటం సినిమాల్లోనే. మెదడుకో వెన్నుపాముకో తగిలితే తప్ప, మిగతా దెబ్బలన్నీ రక్తం పోయాకే పనిచేస్తాయి, దానికి టైం పడుతుంది. ఆ లోపు కత్తి పట్టుకున్నవాడు చేయాల్సింది చేసేస్తాడు. పైగా వాడు తాగి ఉన్నా, మత్తులో ఉన్నా నొప్పి కూడా తెలియదు.

ఊహించి చూడండి. సంచి లాగుతున్నవాడి మీద మీరు రెండు సార్లు కాల్చారు. వాడు ఆగలేదు. సంచితో సహా బండెక్కి వెళ్లిపోయాడు. రాత్రికి ఆసుపత్రిలో చనిపోయాడు. డబ్బు పోయింది, పైన కేసు మీ మెడకు చుట్టుకుంది.

కేసు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు ఒంటి మీద దాడికి సెక్షన్ 38లో, ఆస్తి విషయంలో సెక్షన్ 41లో చెప్పారు. దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం లాంటివి అందులోకి వస్తాయి. ఉత్త దొంగతనం రాదు, చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం ఉంటే తప్ప. బండి మీద వచ్చి సంచి లాక్కుని పోతున్నవాడి వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు ఒప్పుకోవడం చాలా కష్టం. అవసరానికి మించి హాని చేయకూడదని సెక్షన్ 37 చెప్తుంది. ఆత్మరక్షణే అని చూపించుకోవాల్సిన భారం మీ మీదే పడుతుంది.

చిన్న పిస్తోలు జేబులో ఎంత హాయిగా ఉంటుందో చేతిలో అంత ఇబ్బంది పెడుతుంది. పిడి మీద రెండు వేళ్లే పడతాయి, చిటికెనవేలికి చోటుండదు. గొట్టం రెండంగుళాలు. గురి చూసుకునే గుర్తులు గోటి మీద మచ్చంత ఉంటాయి, మసక వెలుతురులో అవీ కనపడవు. చాలావాటిలో పైనున్న స్లయిడ్‌ను వట్టి స్ప్రింగ్ బలమే పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది. మొదటి తూటాను ఛాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా పేలే గదిలోకి, ఎక్కించాలంటే ఆ స్లయిడ్‌నే లాగాలి. ఏప్రిల్ మధ్యాహ్నం చెమట చేతులతో ఒకసారి లాగి చూడండి, జారిపోతుంది. అలాగని తూటా ఛాంబర్‌లో పెట్టుకుని తిరుగుదామంటే, పాత పిస్తోళ్లలో చాలావాటికి కింద పడితే పేలకుండా ఆపే ఏర్పాటు లేదు. అలాంటిది మీ చేతిలో ఉంటే ఛాంబర్ ఖాళీగానే ఉంచండి, అవసరానికి రెండు చేతులూ కావాలని ఒప్పుకోండి.

.22 విషయంలో ఇంకో లోపం ఉంది. నిప్పు రాజేసే మందు దానికి తూటా అడుగు అంచులో ఉంటుంది. కొట్టిన చోట మందు సరిగా లేకపోతే పేలదు. రివాల్వర్ అయితే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది, పిస్తోలులో పేలని తూటాను చేత్తో బయటికి లాగాలి. అందుకే చిన్నదే కావాలని పట్టుబట్టేవాళ్లకు నేను రివాల్వర్ వైపే మొగ్గు చూపుతాను, .22 కన్నా .32 వైపు.

.32 అని లైసెన్సులో ఉంటే ఒక జాగ్రత్త. రివాల్వర్ .32 తూటా వేరు, పిస్తోలు .32 తూటా వేరు. రివాల్వర్‌ది పొడుగ్గా, అడుగున అంచు బయటికి ఉంటుంది. పిస్తోలుది పొట్టిది, దీన్నే 7.65 అని కూడా అంటారు. షాపులో అడిగేటప్పుడు ఏ ఆయుధానికో చెప్పి తీసుకోండి, పెట్టె మీద అచ్చు చదవండి. మామ గారి దగ్గర మిగిలిన తూటాలు వాడేద్దాం అనుకోవద్దు. ఏళ్ల తరబడి బీరువాలో, చెమట పట్టిన జేబుల్లో నానినవి అవసరానికి టిక్కుమని ఊరుకుంటాయి.

జేబు సంగతి. యార్డులో రోజంతా తిరిగినవాళ్ల ప్యాంటు జేబు తిరగేస్తే ఏం రాలుతుందో అందరికీ తెలుసు: ఎర్రటి కారం దుమ్ము, రెండు మిరప గింజలు, నూలు పోగులు, చిల్లర. ఆ దుమ్ము చెమటతో కలిసి పిస్తోలు సందుల్లో ముద్దకడుతుంది, ఉప్పు తగిలిన ఇనుముకు తుప్పు లేస్తుంది. సీజన్‌లో కనీసం వారానికోసారి విప్పి తుడవాలి, నూనె చుక్క తగిలించాలి. నూనె ఎక్కువైతే దుమ్మును అదే లాక్కుంటుంది. విప్పే ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి మరీ నిర్ధారించుకోండి. మ్యాగజైన్ తీసేశాం కదా అని ఛాంబర్‌లోని తూటాను మర్చిపోవడం వల్ల ప్రమాదాలు జరుగుతాయి.

వట్టి జేబులో, తాళాలతో కలిపి అసలు పెట్టకూడదు. తాళంచెవి ట్రిగ్గర్ గార్డులో దూరితే తొడలోకి తూటా దిగుతుంది. ఇది నియమం కూడా. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం జనంలోకి తీసుకెళ్లే చేతి తుపాకీ పూర్తిగా కప్పి, హోల్‌స్టర్‌లోనో దానికి తగిన సంచిలోనో, మీ అదుపులో ఉండాలి. ట్రిగ్గర్ మొత్తం మూసే గట్టి జేబు హోల్‌స్టర్ కుట్టించుకోండి, ఆ జేబులో ఇంకేమీ పెట్టొద్దు. స్కూటర్ డిక్కీ, కారు డాష్‌బోర్డు అదుపులో ఉన్నట్టు కాదు.

డెన్నిస్ ట్యూలర్ అనే అమెరికన్ పోలీసు అధికారి 1983లో ఒక లెక్క రాశాడు: 21 అడుగుల దూరంలో ఉన్న మనిషి కత్తితో మీ దగ్గరికి రావడానికి ఒకటిన్నర సెకను చాలు. శిక్షణ పొంది, నడుముకున్న తుపాకీ తీసి కాల్చడానికి పోలీసుకు పట్టే టైం కూడా దాదాపు అంతే. మన దగ్గర బండి మీద వచ్చేవాళ్లు చేయి చాపినంత దూరంలోకి వచ్చాకే కదా లాగేది? అప్పటికి జేబులో చేయి పెట్టే వ్యవధి ఉండదు. పైగా ముఠా కూలీలు, ఆటోలు, టీ బంకుల మధ్య గురి తప్పిన తూటా ఎవరికి తగులుతుందో చెప్పలేం.

అందుకే పిస్తోలు కన్నా ముందు దారి మార్చండి. రైతుకు ఇవ్వాల్సింది ఖాతాలో వేయండి. నగదు తప్పనిసరైతే ఒకే టైం, ఒకే రోడ్డు, ఒకే గుమాస్తా అనే అలవాటు మానండి. బ్యాంకు మెట్ల మీద నోట్లు లెక్కపెట్టొద్దు. ఇద్దరు వెళ్లండి. సంచి అడిగితే ఇచ్చేయండి, 112కు ఫోన్ చేయండి.

ఇంత చెప్పాక కూడా కావాలనుకుంటే, ఈ సీజన్‌కు అందుతుందని ఆశ పెట్టుకోవద్దు. గుంటూరులో కలెక్టర్, విజయవాడ నగరంలో పోలీస్ కమిషనర్ లైసెన్సు ఇస్తారు. పోలీసు విచారణ, వైద్య ధ్రువపత్రం, శిక్షణ కాగితం అన్నీ కావాలి. తొందరపడి ఎవడో తెచ్చిచ్చే నాటు తపంచా కొన్నారంటే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీకి రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. పెళ్లి ఊరేగింపులో సంబరానికి గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

ఇంట్లో తాళం వేసిన స్టీలు బీరువాలో పెట్టండి, తూటాలు వేరే అరలో. తాళం దేవుడి గదిలో ఉంటుందని పిల్లలకు కూడా తెలిసిన ఇళ్లు చాలా ఉన్నాయి, చోటు మార్చండి. రైలెక్కే ముందు లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చదవండి. గన్నవరంలో విమానం ఎక్కాలంటే ముందే చెప్పాలి, చేతి సంచిలో కుదరదు. ఎన్నికల కోడ్ వచ్చి ఆయుధాలు జమ చేయమంటే మీ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో ఇచ్చి రసీదు తీసుకోండి. అందులో ఆయుధం నంబరు, తూటాల సంఖ్య రాశారో లేదో అక్కడే చూసుకోండి.