మ్యాప్ మెమరీ తినేస్తోందా? లైబ్రరీ మార్చే ముందు లెక్క కట్టండి

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాం ర్యామ్ మొత్తం లాగేస్తుంటే చాలామంది మొదట చేసే పని డేటా.మ్యాప్ (పేరు లాంటి కీకి ఒక విలువను జతచేసి చెట్టు ఆకారంలో దాచే పట్టిక) తీసేసి, కీని హ్యాష్ అనే అంకెగా మార్చి వెతికే హ్యాష్‌మ్యాప్ పెట్టడం. కొన్నిసార్లు అది పనిచేస్తుంది, చాలాసార్లు చెయ్యదు. ఎందుకంటే తినేది చెట్టు కాదు, చెట్టుకు వేలాడుతున్నవి. అది ఎలా కనిపెట్టాలో, దేన్ని ఎప్పుడు మార్చాలో చూద్దాం.

లెక్కకు ఒక ఫైలు ఉందనుకోండి. పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడిపిక్కల కొనుగోళ్లు, పది లక్షల లైన్లు. ఒక్కో లైనులో మండలం పేరు, రైతు నంబరు, ఎన్ని బస్తాలు (మన దగ్గర జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు). మండలాలవారీగా ఒక మొత్తం, రైతులవారీగా ఒక మొత్తం కావాలి.

ముందు ఉత్త చెట్టు ఖర్చెంతో చూడండి. 64 బిట్ మెషీన్లో ఒక వర్డ్ అంటే 8 బైట్లు. డేటా.మ్యాప్‌లో ఒక్కో నోడుకు హెడర్, సైజు, కీకి పాయింటర్, విలువకు పాయింటర్ (అది మెమరీలో ఎక్కడుందో చెప్పే చిరునామా), ఎడమ కొమ్మ, కుడి కొమ్మ, మొత్తం 6 వర్డ్‌లు, అంటే 48 బైట్లు. కీ ఇంట్ (పూర్ణాంకం), విలువ ఇంట్ అయితే ఒక్కోటి వేరే బాక్సులో ఉంటుంది కాబట్టి ఇంకో రెండేసి వర్డ్‌లు. మొత్తం 10 వర్డ్‌లు, 80 బైట్లు. పది లక్షల ఎంట్రీలకు 80 మెగాబైట్లు. ఓకామెల్ అనే ఇంకో భాష మ్యాప్‌లో కూడా నోడు 6 వర్డ్‌లే, కానీ అక్కడ ఇంట్‌కు వేరే బాక్సు ఉండదు, నోడులోనే కూర్చుంటుంది, అందుకని అదే డేటా 48 మెగాబైట్లలో సరిపోతుంది.

ఇంట్‌మ్యాప్ (కీలు అంకెలే అయ్యే మ్యాప్) పెడితే మెమరీ సగమైపోతుందనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. అది పెట్రీషియా చెట్టు, అంటే కీ బిట్లను బట్టి కొమ్మలు విడిపోయేది, ఆకుకు 3 వర్డ్‌లు, కొమ్మకు 5, విలువ బాక్సుకు 2, కలిపితే మళ్లీ అదే 10 (ఈ మ్యాప్‌లుండే కంటైనర్స్ లైబ్రరీ 0.8 వెర్షన్లో కొమ్మలో రెండు గడులను ఒకటి చేశారు కాబట్టి 9). దాన్ని వేగం కోసం వాడండి, పోలికలన్నీ నేరుగా అంకెల బిట్ల మీద జరుగుతాయి. ర్యామ్ తగ్గించడానికని వాడితే మాత్రం నిరాశే.

ఇంకోటి, జీహెచ్‌సీ (హాస్కెల్ కంపైలర్) మామూలు గార్బేజ్ కలెక్టర్, అంటే పనికిరాని మెమరీని ఊడ్చేది, బతికున్న డేటాను కొత్త చోటికి కాపీ చేస్తుంది. పెద్ద కలెక్షన్ జరిగేటప్పుడు పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి. కాబట్టి 80 మెగాబైట్ల మ్యాప్ ఉన్న ప్రోగ్రాం 160కి పైగా చూపిస్తే అందులో వింతేమీ లేదు, లీకు అని టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం, కీలు. వజ్రపుకొత్తూరు అనే పేరులో యూనికోడ్ లెక్కన 14 గుర్తులు, యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే 42, వర్డ్‌లకు సర్దితే 48. అర్రే హెడర్‌కి 16, టెక్స్ట్ (హాస్కెల్‌లో అక్షరాలు దాచే టైపు) డబ్బాకు 32. మొత్తం 96 బైట్లు. నోడు 48, కీ 96! ఇక మండలం పేరు, రైతు నంబరు కలిపి జంటను కీగా పెట్టారనుకోండి, జంటకు 24, నంబరుకు 16 కలిసి కీ ఒక్కటే 136 బైట్లు, పైగా అదే మండలం పేరు ప్రతి రైతు కీలోనూ వేరే కాపీగా పడి ఉంటుంది. రెండు లక్షల మంది రైతులుంటే కీలకే 27 మెగాబైట్లు.

మరేటి చెయ్యాలి అంటే, మండలం పేరుకు ఒక చిన్న నంబరు ఇవ్వండి. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీకాకుళం జిల్లాలో మిగిలినవి 30 మండలాలు, 0 నుంచి 29 దాకా చాలు. పేరు నుంచి నంబరుకు ఒక బుల్లి మ్యాప్, తర్వాత మండలం నంబరు నుంచి ఇంట్‌మ్యాప్, దాని లోపల రైతు నంబరు నుంచి బస్తాలు. ఇంట్‌మ్యాప్ ఆకులో కీ నేరుగా కూర్చుంటుంది కాబట్టి ఆ 136 బైట్ల కీలన్నీ మాయం. ఇంట్‌మ్యాప్‌తో మెమరీ నిజంగా తగ్గేది ఇలా వాడినప్పుడే.

దీనికంటే పెద్ద దొంగ థంకులు, అంటే అవసరమొచ్చేదాకా హాస్కెల్ వాయిదా వేసి దాచుకునే లెక్కలు. మండలాలవారీ మొత్తం మ్యాప్‌లో ఉండేది 30 నోడులే, 1440 బైట్లు. అయినా డేటా.మ్యాప్.లేజీ (లెక్కలు వాయిదా వేసే రకం)లో ఇన్సర్ట్‌విత్ (పాత విలువకు కొత్తది కలిపే ఫంక్షన్)తో కూడిక పెడితే ప్రోగ్రాం వందల మెగాబైట్లకు ఎక్కేయగలదు, ఎందుకంటే ఆ కూడికలేవీ జరగలేదు, ఒకదాని మీద ఒకటి పది లక్షల "తర్వాత కూడతాను"లు పేరుకుపోయాయి, ఒక్కో కూడిక వెనక ఇంకా చదవని లైను ముక్క వేలాడుతోంది. లెక్క అక్కడికక్కడే చేసేసే డేటా.మ్యాప్.స్ట్రిక్ట్ దిగుమతి చేసుకోండి, లైన్లన్నిటినీ వరసగా కలుపుకుంటూ పోయే ఫోల్డ్ కూడా స్ట్రిక్ట్‌దే వాడండి. అక్కడితో అయిపోలేదు, స్ట్రిక్ట్ అన్నది విలువను పై పొర వరకే లెక్కగడుతుంది. విలువగా మొత్తం, లావాదేవీల సంఖ్య కలిపి జంట పెడితే జంట తయారవుతుంది గానీ లోపలి కూడికలు మళ్లీ పోగుపడతాయి. జంట బదులు స్ట్రిక్ట్ ఫీల్డులున్న సొంత టైపు రాసుకోండి.

టెక్స్ట్ ముక్కల సంగతి కూడా చూసుకోవాలి. ఫైలంతా ఒక టెక్స్ట్‌గా చదివి కామాల దగ్గర కోస్తే వచ్చే ముక్కలు కొత్తవి కావు, అసలు పెద్ద అర్రేలోకే చూస్తుంటాయి. ఒక్క మండలం పేరు మ్యాప్‌లో కీగా మిగిలినా ఫైలంతా మెమరీలో ఉండిపోతుంది. మ్యాప్‌లో పెట్టే ముందు టెక్స్ట్ కాపీ ఫంక్షన్ ఒకసారి పిలవండి, అంతే.

ఊహించడం మానేసి కొలవాలంటే: ఆర్‌టీఎస్ (ప్రోగ్రాంతో పాటు నడిచే హాస్కెల్ రన్‌టైమ్) ఆప్షన్లు ఒప్పుకునేలా కంపైల్ చేసి, ప్రోగ్రాం నడిపేటప్పుడు ఆర్‌టీఎస్‌కు చిన్న "ఎస్" ఆప్షన్ ఇవ్వండి. చివర్లో వచ్చే అంకెల్లో గరిష్ఠ రెసిడెన్సీ (ఒకేసారి బతికున్న డేటా ఎక్కువలో ఎక్కువ ఎంతో) చూడండి, పైన కట్టిన లెక్కతో పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే మీ డేటానే అంత, స్ట్రక్చర్ మార్చాలి. చాలా తేడా ఉంటే థంకో, ముక్కో, మీరు వదలని పాత వెర్షనో (మ్యాప్ మార్చితే పాతది చెరగదు, పక్కన కొత్తది పుడుతుంది). "హెచ్‌టీ" (హెచ్ చిన్నది, టీ పెద్దది) ఆప్షన్‌తో గ్రాఫ్ తీస్తే థంక్ అన్న పట్టీ పెరుగుతూ పోవడం కంటికే కనిపిస్తుంది, దీనికి ప్రొఫైలింగ్ బిల్డ్ కూడా అక్కర్లేదు.

పాత వెర్షన్లంటే భయపడేవాళ్లున్నారు, అంత అవసరం లేదు. పది లక్షల ఎంట్రీల మ్యాప్‌లో ఒక విలువ మారిస్తే వేరు నుంచి ఆ నోడు దాకా ఉన్న దారి మాత్రమే కొత్తగా పుడుతుంది, దాదాపు 20 నోడులు, ఒక కిలోబైటు. మిగతా చెట్టంతా పాతదీ కొత్తదీ పంచుకుంటాయి. నిన్నటి మ్యాప్ దాచుకోవడం చవకే. ప్రతి లైనుకూ ఒక వెర్షన్ లిస్టులో దాస్తే మాత్రం పది లక్షల కిలోబైట్లు, అంటే ఒక గిగాబైటు.

వేగం విషయానికొస్తే, లుకప్ (వెతకడం) చేసి మళ్లీ ఇన్సర్ట్ (పెట్టడం) చెయ్యకండి, చెట్టులో రెండుసార్లు దిగడం దండగ, ఆల్టర్ గానీ ఇన్సర్ట్‌విత్ గానీ ఒక్కసారితో పని అయిపోతుంది. డేటా ముందే క్రమంలో ఉంటే ఫ్రమ్‌డిస్టింక్ట్‌అసెండింగ్ లిస్ట్ రకం ఫంక్షన్లు లీనియర్ టైములో, అంటే ఎంట్రీల సంఖ్యకు తగ్గ సమయంలోనే, కట్టేస్తాయి. పొడవైన టెక్స్ట్ కీలు, మొదటి అక్షరాలన్నీ ఒకేలా ఉండేవి అయితే అప్పుడు హ్యాష్‌మ్యాప్ నిజంగా గెలుస్తుంది. ఫిల్ బాగ్వెల్ 2001లో వివరించిన హ్యాష్ చెట్టు అది, 32 కొమ్మలు కాబట్టి పది లక్షలకు నాలుగైదు మెట్లే. క్రమం పోతుంది, చిన్నదీ పెద్దదీ అడగలేరు. సైజు అడిగినా ఇంట్‌మ్యాప్, హ్యాష్‌మ్యాప్ రెండూ మొత్తం తిరిగి లెక్కపెడతాయి, డేటా.మ్యాప్ మాత్రం వెంటనే చెప్తుంది. లూపులో సైజు పిలిచేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ఎర్లాంగ్, ఎలిక్సిర్ అనే భాషలు వాడేవాళ్లకు వేరే హద్దు ఉంది. 32 కీల వరకు మ్యాప్ అంటే కీల టపుల్ (మారని వరస) ఒకటి, విలువల వరస ఒకటి. ఉన్న కీకి విలువ మారిస్తే కీల టపుల్ అలాగే పంచుకుంటారు, విలువల వరస మాత్రం మొత్తం కాపీ. శ్రీకాకుళం 30 మండలాలు ఇందులో హాయిగా పడతాయి. విజయనగరం 27 కూడా కలిపారో, 57 అయి హ్యాష్ చెట్టులోకి మారిపోతుంది, అక్కడ కీకి సుమారు 1.6 నుంచి 1.8 వర్డ్‌లు అదనం. జిల్లాకో మ్యాప్ విడిగా ఉంచుకుంటే రెండూ చిన్న మ్యాప్‌లుగానే ఉంటాయి.